బతుకమ్మను క్యాసెట్‌లోకి ఎక్కిద్దాం: పాత టీవీ గేమ్ సెట్టుకు కొత్త ఆట తయారుచేసే పద్ధతి

తొంభైల్లో వరంగల్, హనుమకొండ, కరీంనగర్ ఇళ్లల్లో టీవీ కింద పెట్టుకుని ఆడిన గేమ్ సెట్లలో చాలావరకు ఒకే యంత్రానికి నకళ్లు. ఆ యంత్రం పేరు ఫ్యామికామ్, 1983 జులైలో నింటెండో జపాన్‌లో విడుదల చేసింది. మారియో, కాంట్రా, ట్యాంకుల ఆట ఉన్న పసుపు క్యాసెట్లు దానివే. అటకమీద పడేసిన ఆ సెట్టుకు ఇప్పటికీ ప్రపంచమంతటా కొత్త ఆటలు రాస్తున్నారు. 2019లో వచ్చిన మైక్రో మేజెస్‌ను నలుగురు కలిసి ఆడొచ్చు, దాని సైజు మొత్తం 40 కిలోబైట్లే. 1985 నాటి సూపర్ మారియో బ్రదర్స్‌ది కూడా సరిగ్గా అంతే సైజు.

ఇక్కడ తయారుచేసేది పూలు పేర్చే బతుకమ్మ ఆట. పైనుంచి పూలు పడతాయి, అడ్డంగా మూడు ఒకే రకం పూలు కలిస్తే అవి తాంబాళంలోకి వెళతాయి. తొమ్మిది రోజులు, తొమ్మిది లెవెళ్లు. సీ భాషలో లూపులు, అర్రేలు, ఫంక్షన్లు రాయడం వచ్చి ఉండాలి. చివర్లో సోల్డరింగ్ ఉంటుంది. అది రాకపోతే టీవీ మెకానిక్ చేత చేయించుకోవచ్చు.

పని మొదలుపెట్టే ముందే ఒక మాట గట్టిగా చెప్పాలి. ఎమ్యులేటర్, అంటే కంప్యూటర్‌లో సెట్టును అనుకరించే ప్రోగ్రామ్, క్షమించే తప్పులు సెట్టు క్షమించదు. అందుకే ఆట పూర్తయ్యాక సెట్టులో పెట్టి చూద్దామని ఆగకండి. ఒక పువ్వు తెరమీద కదలగానే సెట్టులో నడిపి చూడండి.

1. మీ సెట్టు ఏ వేగంతో నడుస్తుందో తేల్చుకోండి

అమెరికా, జపాన్ సెట్లు సెకనుకు 60 ఫ్రేములు గీస్తాయి. మన టీవీలు పాల్ అనే ప్రసార పద్ధతివి కాబట్టి మన నకళ్లు సాధారణంగా 50 గీస్తాయి. అయితే ఇవి యూరప్‌లో అమ్మిన అసలు పాల్ నింటెండో లాంటివి కావు. రష్యాలో డెండీ పేరుతో అమ్ముడైన నకళ్ల కుటుంబానికి చెందినవి. డెండీ రకంలో ప్రాసెసర్ 1.77 మెగాహెర్ట్జ్, అసలు పాల్ సెట్టులో 1.66. తెర గీయడం ఆగిన వ్యవధి, అంటే వీబ్లాంక్, డెండీలో 20 లైన్లే. అసలు పాల్‌లో అది 70 లైన్లు. పాల్ అనుకుని ధారాళంగా రాసిన కోడ్ మన సెట్టులో చెదిరిపోవడానికి కారణం ఇదే.

తేల్చుకోవడం తేలిక. ప్రతి ఫ్రేముకు ఒక అంకె పెంచి తెరమీద చూపే చిన్న ప్రోగ్రామ్ రాయండి. ఫోన్ స్టాప్‌వాచ్ పెట్టి నిమిషం చూడండి. అంకె 3000 దగ్గర ఆగితే మీది 50 హెర్ట్జ్, 3600 దగ్గర ఆగితే 60. ఇక్కడి లెక్కలన్నీ 50కి వేసినవి. 60 వచ్చిందంటే పూలు ఐదో వంతు ఎక్కువ వేగంగా పడతాయి, పాట కూడా అంతే తొందరపడుతుంది.

2. చేతిలో ఉన్న సరుకు

అన్నిటికంటే సాదా క్యాసెట్ రకం పేరు ఎన్‌రామ్ (NROM). ఇందులో ప్రోగ్రామ్ చిప్పు 32 కేబీ, బొమ్మల చిప్పు 8 కేబీ ఉంటాయి. బ్యాంకులు మార్చే మాపర్ చిప్పు ఉండదు. మొదటి ఆటకు ఇది దాటి పోవద్దు. చిప్పులు రెండే కాబట్టి ఏది చెడినా వెతకాల్సిన చోట్లు తక్కువ.

సెట్టులో ఉండే ర్యామ్ 2 కేబీ. అందులో మొదటి 256 బైట్లు జీరో పేజీ, వేగంగా అందుతుంది, మాటిమాటికీ వాడే వేరియబుల్స్ అక్కడ పెట్టండి. తర్వాతి 256 స్టాక్. $0200 నుంచి ($ గుర్తుంటే అది హెక్సా అంకె) 256 బైట్లు స్ప్రైట్ల, అంటే వెనుక చిత్రం మీద కదిలే బొమ్మల, పట్టికకు ఇవ్వడం ఆనవాయితీ: 64 స్ప్రైట్లు, ఒక్కోదానికి 4 బైట్లు. ఒకే అడ్డ లైనులో ఎనిమిది స్ప్రైట్లు దాటితే తొమ్మిదోది కనిపించదు.

తెర 256 × 240 పిక్సెళ్లు. వెనుక చిత్రం 8 × 8 టైళ్లతో పేరుస్తారు, 32 నిలువు వరుసలు, 30 అడ్డ వరుసలు. రంగులు మాత్రం టైలుకు కాదు, 16 × 16 గడికి ఒక పాలెట్ (రంగుల గుంపు) చొప్పున దక్కుతాయి. పాలెట్లు నాలుగు, ఒక్కోదానిలో మూడు రంగులు, వాటికి తోడు అన్నిటికీ ఉమ్మడిగా ఒక నేల రంగు.

3. యంత్రం గడికి తగ్గ ఆట

పై నియమం చదివాకే ఆట బోర్డు కొలతలు వేయాలి. ఒక్కో పువ్వును 16 × 16గా గీస్తే ప్రతి పువ్వుకూ సొంత పాలెట్ దొరుకుతుంది. పక్కపక్కనే తంగేడు పసుపు, బంతి నారింజ ఏ ఇబ్బందీ లేకుండా కూర్చుంటాయి. అదే పువ్వును 8 పిక్సెళ్లు పక్కకు జరిపి పెడితే సగం పువ్వుకు పక్క గడి రంగు అంటుకుంటుంది.

బోర్డు 6 గళ్ల వెడల్పు, 12 గళ్ల ఎత్తు పెట్టుకోండి. ర్యామ్‌లో 72 బైట్లు. తెరమీద అడ్డంగా 64వ పిక్సెల్ దగ్గర, నిలువుగా 32వ పిక్సెల్ దగ్గర మొదలుపెట్టండి. ఈ అంకెలకు కారణం ఉంది. పాలెట్ సమాచారం ఉండే అట్రిబ్యూట్ బైటు ఒక్కోటి 32 × 32 ముక్కను, అంటే నాలుగు గళ్లను చూసుకుంటుంది, గడికి రెండు బిట్లు. 64, 32 రెండూ 32తో భాగింపబడతాయి కాబట్టి బోర్డు సరిగ్గా 3 × 6 అట్రిబ్యూట్ బైట్లలో ఇముడుతుంది. 80 దగ్గర మొదలుపెడితే అంచుల్లోని బైట్లు సగం బోర్డువి, సగం బయటివి అయిపోయి కోడ్ రెండింతలవుతుంది. ఒక గడి రంగు మార్చాలంటే మిగతా మూడు గళ్ల బిట్లు చెదరకూడదు. అందుకని 64 అట్రిబ్యూట్ బైట్లకూ ర్యామ్‌లో నకలు ఉంచుకుని, అందులో మార్చి, ఆ బైటునే పంపండి.

బోర్డు నిలువుగా 224 దగ్గర ముగుస్తుంది, కింద 16 పిక్సెళ్లు ఖాళీ. పాత డబ్బా టీవీలు అంచుల్ని మింగేస్తాయి కాబట్టి స్కోరు, పేరు లాంటివి ఏ అంచుకూ 16 పిక్సెళ్ల కంటే దగ్గరగా పెట్టకండి.

లెవెళ్లు ఎంగిలిపూల బతుకమ్మతో మొదలై సద్దుల బతుకమ్మతో ముగుస్తాయి. ఆరో రోజు అలిగిన బతుకమ్మ, ఆ రోజు బతుకమ్మ పేర్చరు. ఆటలో కూడా ఆరో లెవెల్‌లో పూలు పడకుండా, తర్వాతి మూడు రోజులకు పూలు ఏరుకునే తెర ఒకటి పెట్టండి. పండుగ తెలిసిన వాళ్లకు అది చెప్పకుండానే అర్థమవుతుంది. ఒక్కో లెవెల్‌కు నాలుగు బైట్లు చాలు: వేగానికి రెండు, పూల రకాలకు ఒకటి, లక్ష్యానికి ఒకటి. వేగాన్ని పిక్సెల్‌కు 256 వంతుల లెక్కలో రాయండి. మొదటి లెవెల్‌కు ఫ్రేముకు 128, అంటే అర పిక్సెల్. పువ్వు పై నుంచి కింది దాకా 7.7 సెకన్లలో వస్తుంది. తొమ్మిదో లెవెల్‌కు 512 పెడితే 1.9 సెకన్లు. ఇంతకన్నా వేగం పెంచితే మన రిమోట్ల రబ్బరు బటన్లు అందుకోలేవు.

4. పూలు, తోరణం, అక్షరాలు

బొమ్మలకు వైవై-సీహెచ్‌ఆర్, తెర మొత్తం పేర్చుకోవడానికి నెక్స్ట్ అనే ప్రోగ్రాములు బాగుంటాయి. బొమ్మల చిప్పులో 512 టైళ్లు పడతాయి, 256 చొప్పున రెండు టైళ్ల పట్టికలు: ఒకటి వెనుక చిత్రానికి, ఒకటి స్ప్రైట్లకు.

నేల రంగు నలుపు. దీనికి హెక్సాలో 0ఎఫ్ వాడండి. 0డి కూడా నల్లగానే ఉంటుంది కానీ దాని సిగ్నల్ మామూలు నలుపు కంటే కిందికి దిగి కొన్ని టీవీల్లో బొమ్మ వణుకుతుంది. తంగేడుకు $28, బంతికి $27, ఆకులకు $19, గునుగుకు తెలుపు $30, కట్లపువ్వుకు $14. గునుగు పాలెట్‌లోనే రాతి బూడిద $00, $10 చేర్చితే తోరణం, అంకెలు అందులోనే గడిచిపోతాయి, ఐదో పాలెట్ అవసరం పడదు. రంగుతో పాటు పువ్వు ఆకారం కూడా వేరుగా ఉండాలి: తంగేడు గుత్తి, బంతి గుండ్రం, గునుగు నిలువు కంకి, కట్ల ఐదు రేకులు. రంగు సరిగా రాని పాత టీవీలో కూడా ఆడగలగాలి కదా.

కుడి పక్క ఖాళీలో ఖిలా వరంగల్ కీర్తితోరణం 64 పిక్సెళ్ల వెడల్పున పడుతుంది. ఒక చిక్కుంది: స్ప్రైట్లను అద్దంలోలా తిప్పొచ్చు కానీ వెనుక టైళ్లను తిప్పడం ఈ యంత్రంలో కుదరదు. ఎడమ సగం గీసి కుడికి తిప్పేద్దామంటే నడవదు. స్తంభాన్ని రెండు వైపులా ఒకేలా ఉండేట్టు గీస్తే ఒకే టైలు కింది నుంచి పైకి, ఎడమకూ కుడికీ సరిపోతుంది. దూలం కొసల్లోని పక్షులు ఎదురెదురు దిక్కులకు చూస్తాయి కాబట్టి వాటికి మాత్రం రెండు జతలు ఖర్చుపెట్టండి. తోరణాన్ని గుర్తుపట్టించేది ఆ కొసలే.

తెలుగు అక్షరం 8 × 8లో ఇమడదు. 16 × 16లో ‘క’ బాగానే వస్తుంది, ‘మ్మ’కు ఒత్తు కింద దిగాలి. కాబట్టి అక్షరానికి 16 × 24, అంటే ఆరు టైళ్లు. తెలుగు ఫాంటంతా చేయాలని కూర్చుంటే చిప్పు చాలదు. కావలసిన మాటలే గీయండి. తొమ్మిది రోజుల పేర్లలో 36 అక్షరాలున్నాయి. ‘ల’, ‘అ’, ‘ము’, ‘ద్ద’ లాంటివి మళ్లీ మళ్లీ వస్తాయి కాబట్టి విడిగా గీయాల్సినవి 24. వాటికి 144 టైళ్లు, ‘బతుకమ్మ’కు 24, మొత్తం 168. వెనుక చిత్రం టైళ్ల పట్టికలో పూలు, తోరణంతో పాటు ఇవి ఇరుకు. స్ప్రైట్ల టైళ్ల పట్టికలో పూలకు 16 టైళ్లే పోతాయి, మిగతాది ఖాళీ. రోజు పేర్లు ఆ ఖాళీలో పెట్టి, పేరు తెర చూపేటప్పుడు వీడియో చిప్పు రిజిస్టర్ $2000లోని 4వ బిట్ (సున్నా నుంచి లెక్క) మార్చి వెనుక చిత్రానికి ఆ పట్టికను చూపండి. ఆట మొదలవగానే బిట్ వెనక్కి తిప్పేయండి.

5. కోడ్

కంపైలర్ సీసీ65, దానికి తోడు నెస్‌లిబ్ అనే లైబ్రరీ. సొంత కంప్యూటర్ లేని విద్యార్థులు బ్రౌజర్‌లోనే నడిచే 8బిట్ వర్క్‌షాప్‌లో మొదలుపెట్టొచ్చు.

ఈ ప్రాసెసర్ 8 బిట్లది, గుణకారం, భాగహారం సూచనలే లేవు. అన్నీ సంతకం లేని 8 బిట్ వేరియబుల్స్‌గా, గ్లోబల్‌గా పెట్టండి. ఫంక్షన్ లోపలి లోకల్ వేరియబుల్స్‌ను సీసీ65 సాఫ్ట్‌వేర్ స్టాక్‌లో ఉంచుతుంది, అది చాలా నెమ్మది. వరుస సంఖ్యను 6తో గుణించే బదులు 0, 6, 12, 18 అని పట్టిక రాసుకోండి.

ఇక ప్రాణం లాంటి విషయం. తెర గీస్తున్నంతసేపూ వీడియో మెమరీలో రాయకూడదు. రాయడానికి దొరికేది వీబ్లాంక్ ఒక్కటే, 20 లైన్లు, దాదాపు 2270 సైకిళ్లు. అందులో $4014 ద్వారా స్ప్రైట్ల పట్టిక పంపడానికి 513 పోతాయి. మిగిలిన 1750 చిల్లరలో, వీడియో మెమరీలో రాసే రిజిస్టర్ $2007కు ఒక బైటు పంపే మామూలు లూపుకు 13 సైకిళ్లు. లెక్కకు 130 బైట్ల దాకా వస్తుంది. అడ్రసులు పెట్టడం, ఇతర పనులు కూడా ఉంటాయి కాబట్టి ఫ్రేముకు 64 బైట్లు దాటకుండా కట్టడి చేసుకోండి.

పడుతున్న పువ్వు స్ప్రైట్, నాలుగు ముక్కలు. నేలకు తగలగానే అదే చోట వెనుక చిత్రంలో నాలుగు టైళ్లు, ఒక అట్రిబ్యూట్ బైటు రాసి స్ప్రైట్‌ను దాచేస్తాం. ఐదు బైట్లే, సులువు. చిక్కంతా మూడు పూలు కలిసి పోయి, పైవన్నీ కిందికి జారినప్పుడు వస్తుంది. బోర్డంతా తిరగరాయాలంటే 72 గళ్లకు 288 టైళ్లు, ఒక్క వీబ్లాంక్‌లో జరగని పని. బలవంతంగా రాస్తే తెర గీయడం మొదలయ్యాక కూడా రాతలు సాగి, బొమ్మ పైకీ కిందికీ ఎగురుతుంది.

ర్యామ్‌లోని బోర్డును ఒకేసారి సరిచేసి, తెరమీద మాత్రం కింది వరుస నుంచి ఫ్రేముకు ఒక వరుస చొప్పున రాయండి. వరుసకు 24 టైళ్లు, 3 అట్రిబ్యూట్ బైట్లు, మొత్తం 27. పన్నెండు వరుసలకు పన్నెండు ఫ్రేములు, 50 హెర్ట్జ్ మీద పావు సెకను. చూసేవాళ్లకు పూలు దొర్లుతూ సర్దుకున్నట్టు కనిపిస్తుంది. ఆ పావు సెకనూ కొత్త పువ్వు వదలకండి.

రాయడం అయ్యాక ప్రతిసారీ $2005కు స్క్రోల్ విలువలు రెండూ మళ్లీ పంపండి. అడ్రసు పెట్టే $2006, బైటు పంపే $2007 వాడినప్పుడు స్క్రోల్ చెదిరిపోతుంది. ‘కాసేపు బాగుండి తెర పక్కకు జరిగింది’ అంటే తొంభై పాళ్లు ఇది మరిచినట్టే.

ఏ పువ్వు పడాలో తేల్చే యాదృచ్ఛిక అంకె యంత్రంలో ఉండదు. ఆటగాడు స్టార్ట్ నొక్కే దాకా ఫ్రేములు లెక్కపెట్టి, ఆ అంకెను 16 బిట్ల షిఫ్ట్ రిజిస్టర్‌కు విత్తనంగా ఇవ్వండి. విత్తనం సున్నా అయితే జీవితాంతం సున్నాలే వస్తాయి, అప్పుడు 1 వేయండి.

6. పాట

పాటను ఫ్యామిస్టూడియో అనే ప్రోగ్రామ్‌లో చేసుకోవచ్చు. సెట్టు శబ్దపు చానెళ్లలో రెండు పల్స్ చానెళ్లలో ఉయ్యాల పాటల నడకతో సొంత బాణీ, ట్రయాంగిల్‌లో కింది శృతి, నాయిస్ చానెల్‌లో చప్పట్లు. నకళ్లలో చాలావాటిలో పల్స్ తరంగం ఆకారాన్ని తేల్చే 25, 50 శాతం వెడల్పులు ఒకదాని బదులు ఒకటి తారుమారై ఉంటాయి. కంప్యూటర్‌లో మెత్తగా వినిపించింది సెట్టులో ముక్కుతో పాడినట్టు వస్తే మీ తప్పు కాదు. ఆ రెండింటిలో ఏది వచ్చినా చెడని బాణీ కట్టండి.

7. ఎమ్యులేటర్‌ను కఠినంగా పెట్టండి

మెసెన్ వాడండి. రీజియన్ డెండీకి మార్చండి. పవర్ ఆన్ సమయంలో ర్యామ్‌లో చెత్త విలువలు నింపే ఆప్షన్ ఉంటుంది, దాన్ని తప్పకుండా ఆన్ చేయండి. మామూలుగా ఎమ్యులేటర్లు ర్యామ్‌ను శుభ్రంగా ఇస్తాయి, సెట్టు మాత్రం ఏది పడితే అది పెట్టి లేస్తుంది. స్కోరు 0 అని మీరు రాయకపోతే అక్కడ 173 కనిపించొచ్చు. మొదట్లో వీడియో చిప్పు స్థితి చెప్పే $2002 చూస్తూ రెండు వీబ్లాంక్‌లు గడిచే దాకా వీడియో రిజిస్టర్లను తాకవద్దు, అప్పటిదాకా ఆ చిప్పు కొన్ని రాతలను పట్టించుకోదు. మెసెన్ ఈవెంట్ వ్యూయర్‌లో వీబ్లాంక్ బయట పడిన రాతలు చుక్కలుగా కనిపిస్తాయి. ఆ చుక్కలు పోయే దాకా చిప్పు రాయకండి.

8. చిప్పులు

సులువైన దారి ఒకటుంది: ఎవర్‌డ్రైవ్ ఎన్8 క్యాసెట్ 60 పిన్నుల రకం కొని, మెమరీ కార్డులో ఫైలు వేయడం. రోజూ పరీక్షించేవాళ్లకు ఇది ఎంతో పని తగ్గిస్తుంది. కానీ ఖరీదెక్కువ, ఇంకొకరికి కానుకగా ఇచ్చేది సొంత క్యాసెట్టే.

కావలసినవి: డబ్ల్యూ27సి512 చిప్పులు రెండు, 104 (0.1 మైక్రోఫారడ్) సిరామిక్ కెపాసిటర్లు రెండు, 10 మైక్రోఫారడ్ ఎలక్ట్రోలిటిక్ ఒకటి, ఎన్‌రామ్ బోర్డు, పాత క్యాసెట్ డొక్కు, చిప్పులో ఫైలు రాసే టీఎల్866 రకం ప్రోగ్రామర్ పరికరం. ఈ చిప్పును కరెంటుతోనే చెరపొచ్చు. 27సి256 దొరికినా నడుస్తుంది, కానీ చెరపడానికి అతినీలలోహిత దీపం కింద 15–20 నిమిషాలు పెట్టాలి. విడిభాగాలకు హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీ వెళ్లిరావచ్చు, పొద్దున రైలెక్కితే సాయంత్రానికి కాజీపేటలో దిగొచ్చు. ప్రోగ్రామర్ కోసం దగ్గరి ఇంజినీరింగ్ కాలేజీ మైక్రోప్రాసెసర్ ల్యాబ్‌లో ముందు అడిగి చూడండి.

కంపైలర్ ఇచ్చే ఫైలు 40,976 బైట్లు ఉండాలి. మొదటి 16 బైట్లు ఎమ్యులేటర్ కోసం పెట్టిన తలభాగం, దాన్ని కోసేయండి. తర్వాతి 32,768 ప్రోగ్రామ్, చివరి 8,192 బొమ్మలు. తలభాగం కోయకుండా రాస్తే ప్రతి బైటూ 16 స్థానాలు జరిగి ఆట అసలు లేవదు.

చిప్పు సైజు 64 కేబీ కాబట్టి ప్రోగ్రామ్‌ను వెంటవెంట రెండుసార్లు, బొమ్మలను ఎనిమిదిసార్లు నింపండి. బోర్డు మీద అదనపు అడ్రసు పిన్నులు 5 వోల్టులకు కట్టి ఉన్నా, నేలకు (గ్రౌండ్‌కు) కట్టి ఉన్నా అప్పుడు ఒకే విషయం చదువుతుంది. ముందు చెరపండి, ఖాళీ అని తనిఖీ చేయండి, రాసి, సరిపోల్చండి. ఆన్‌లైన్‌లో వచ్చే ఈ చిప్పులు తరచూ వాడి తీసినవే, పాత సరుకు లోపల ఉంటుంది.

9. బోర్డు

మన పసుపు క్యాసెట్లు విప్పితే చాలావాటిలో చిప్పు బదులు నల్లటి బొట్టు కనిపిస్తుంది. దానిమీద ఏమీ మార్చలేం, డొక్కు మాత్రం పనికొస్తుంది. కాళ్లున్న చిప్పుల పాత బోర్డు దొరకకపోతే ఖాళీ బోర్డు చేయించుకోండి. మందం 1.2 మిల్లీమీటర్లు ఉండాలి. మామూలు 1.6 పెడితే సెట్టులోని కనెక్టర్ రేకులు విచ్చుకుపోతాయి, తర్వాత సన్నటి క్యాసెట్లు పట్టవు.

మల్టీమీటర్‌తో ఈ కలుపులు సరిచూడండి. ‘అంచు’ పక్క అంకె సెట్టులోకి దిగే క్యాసెట్ అంచులోని పిన్నుది. ప్రోగ్రామ్ చిప్పు 20వ కాలు అంచు 44కు, 22వ కాలు నేలకు. బొమ్మల చిప్పు 20వ కాలు అంచు 56కు, 22వ కాలు 17కు. బొమ్మల చిప్పు 1, 26, 27 కాళ్లు నేలకు. రెండు చిప్పులకూ 28వ కాలు 5 వోల్టులు, 14వ కాలు నేల, ఆ రెండింటి మధ్య 104 కెపాసిటర్. అంచు 48, 49 రెండూ కలపాలి. 45, 46 కూడా కలపాలి: సెట్టు శబ్దం క్యాసెట్‌లోకి వెళ్లి తిరిగి వస్తుంది, ఆ తీగ లేకపోతే ఆట నడుస్తుంది, పాట వినిపించదు. క్యాసెట్ సెట్టులో పెట్టే ముందు అంచు 30 (5 వోల్టులు)కీ 1 (నేల)కీ మధ్య షార్టు లేదని చూసుకోండి.

నకలు సెట్టులో 60 పిన్నుల క్యాసెట్లకు తాళం చిప్పు (అనుమతి లేని క్యాసెట్లను ఆపేది) లేదు కాబట్టి ఇంకేమీ అక్కర్లేదు.

10. నడవకపోతే

తెరంతా ఒకే రంగు, శబ్దం లేదు: ప్రోగ్రామ్ చదవడం లేదు. 44వ తీగ, తలభాగం, ప్రోగ్రామ్ చివరి ఆరు బైట్లలో ఉండే ప్రారంభ అడ్రసులు చూడండి. బోర్డు ఆకారం సరే కానీ పూల బదులు గీతలు: బొమ్మల చిప్పు డేటా కాలు ఒకటి అతకలేదు. పడే పువ్వు సరే, వెనుక తెర మొత్తం చెత్త: అంచు 48–49 కలుపు చూడండి. సగం తెర రెండుసార్లు కనిపిస్తే అంచు 18వ తీగ చూడండి, అది నేమ్‌టేబుళ్ల (వెనుక చిత్రంలో ఏ టైలు ఎక్కడన్న పట్టికల) అమరికను నిర్ణయిస్తుంది. మన ఆట స్క్రోల్ కాదు కాబట్టి 18ని వీడియో అడ్రసు 10కి కలిపినా, 11కి కలిపినా నడుస్తుంది, ఉత్తగా మాత్రం వదలకూడదు.

పది నిమిషాలు ఆడాక ఆగిపోతే కోడ్ వెతికే ముందు అడాప్టర్‌ను అనుమానించండి. ఆట నడుస్తుండగా చిప్పు 28వ కాలు దగ్గర 4.75 నుంచి 5.25 వోల్టుల మధ్య రావాలి. ఎండాకాలంలో సెట్టులోని రెగ్యులేటర్ బాగా వేడెక్కి వోల్టేజీ పడిపోతుంది. హీట్ సింక్ రేకు మీద పాత పేస్టు తుడిచి కొత్తది రాస్తే చాలా సెట్లు దారికొస్తాయి. అడాప్టర్ మార్చాల్సి వస్తే పిన్ను మధ్యలో ప్లస్సా మైనస్సా అన్నది సెట్టు అడుగున చదవండి, నకళ్లలో రెండు రకాలూ ఉన్నాయి. డబ్బా టీవీ మూత మాత్రం విప్పవద్దు. ప్లగ్గు తీసిన తర్వాత కూడా పిక్చర్ ట్యూబు దగ్గర ప్రాణం తీసే వోల్టేజీ మిగిలి ఉంటుంది.

రిమోట్‌లో టర్బో బటన్ నొక్కితే పువ్వు పిచ్చిగా పక్కకు మారుతోందా? ఒక నొక్కుకు, తర్వాతి నొక్కుకు మధ్య కనీసం 6 ఫ్రేముల ఎడం పెట్టండి.

క్యాసెట్ మీద స్టిక్కర్ అంటించేటప్పుడు వెర్షన్ అంకె వేయండి. అదే అంకెను ఆట టైటిల్ తెర మూలలో కూడా చూపించండి. దసరాకు నలుగురికి పంచాక ఎవరైనా ‘ఏడో రోజు దగ్గర ఆగింది’ అని ఫోన్ చేస్తే మొదట అడగాల్సింది ఆ అంకే.